వాడేసిన డ్రమ్ము స్మోకర్ అయ్యేదాకా: నా అనుభవం

పొగలో మాంసం వండే స్మోకర్ చేసుకుందామని పాత డ్రమ్ము కోసం వెతకడం నవంబర్ మొదటి వారంలో మొదలుపెట్టాను. అందులో మొదటిసారి మాంసం వండుకుని తిన్నది ఫిబ్రవరి రెండో ఆదివారం. కాల్చడం, రుద్దడం, రంధ్రాలు వేయడం, రంగు వేయడం అన్నీ కలిపినా కొన్ని వారాల పనే. మిగతా కాలమంతా సరైన డ్రమ్ము కోసం ఎదురుచూడటానికే సరిపోయింది. వీడియోలలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. "ఒక పాత డ్రమ్ము తీసుకోండి" అని ఒక్క మాట అనేసి నేరుగా డ్రిల్లింగ్‌కి వెళ్లిపోతారు. మన హైదరాబాద్‌లో ఆ ఒక్క మాట దగ్గరే చాలా పని ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మమ్మ ఊళ్లో ఒట్టి తునకలు ఎండలో ఎండబెట్టి, తర్వాత కట్టెల పొయ్యి పైన దండెం కట్టి వేలాడదీసేది. పొగ పట్టిన ఆ మాంసం మీద నాకున్న ఇష్టం ఈనాటిది కాదు. రెడీమేడ్ స్మోకర్ల ధరలు నాకు అందేవి కావు. డ్రమ్ముతో చేసుకునేది చూస్తే చాలా తేలికైన ఏర్పాటు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము, అడుగున బొగ్గుల బుట్ట, దానికి రెండడుగుల ఎత్తులో మాంసం పెట్టే జాలీ, పైన మూత. కింద గాలి లోపలికి పోయే రంధ్రాలు, మూత మీద పొగ బయటికి పోయే రంధ్రాలు. గాలి ఎంత వదిలితే వేడి అంత. అంతకు మించి ఏమీ లేదు.

ముందు జీడిమెట్ల, బాలానగర్ వైపు స్క్రాప్ దుకాణాలు తిరిగాను, తర్వాత భోలక్‌పూర్ వెళ్లాను. నీలం డ్రమ్ములు, నల్ల డ్రమ్ములు వరసలు వరసలుగా పేర్చి ఉన్నాయి. ధర కూడా ఎక్కువేం కాదు, డ్రమ్ము ఎనిమిది వందల నుంచి మొదలు. కానీ ఈ ఊళ్లో అన్ని డ్రమ్ములు ఎక్కడి నుంచి వస్తాయి? మందుల కంపెనీల నుంచి, రసాయనాల ఫ్యాక్టరీల నుంచి. ఒక డ్రమ్ము మీద సగం చిరిగిన లేబుల్ మీద 1294 అని అంకె కనిపించింది. ప్రమాదకరమైన సరుకుకి వేసే యూఎన్ నంబర్ అది, 1294 అంటే టొలీన్. పక్కదాని మీద 1593, అది డైక్లోరోమీథేన్. ఇంకోదాని మీద 1230, మిథనాల్. ఆ అంకెలు ఫోన్‌లో వెతికి చూసుకున్నాక చేతులు కడుక్కోవాలనిపించింది.

దుకాణం యజమానిని అడిగాను.

"ఇండ్ల ఏముండె అన్నా?"

"మంచిగ కడిగినం సార్. నీళ్లు నింపుకోనికి కూడా తీస్కపోతుండ్రు జనం."

"కడగకముందు ఏముండెనో చెప్పగల్గుతవా?"

"గదంత మాకేం ఎరుక సార్. కంపెనీలకెల్లి లాట్లు లాట్లు వస్తయి."

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆయనకి తెలియదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అక్కడే లోపలా బయటా కడిగి కొత్తగా రంగు కొట్టిన డ్రమ్ములు కూడా ఉన్నాయి. చూడటానికి కొత్తవే. లేబుల్ లేదు, వాసన లేదు, గుర్తు లేదు. నా దృష్టిలో అన్నిటికంటే వదిలేయాల్సినవి అవే. చిరిగిన లేబుల్ ఉన్న డ్రమ్ము కనీసం నిజం చెబుతుంది.

ఇంకో దుకాణంలో పై మూత తెరుచుకోని డ్రమ్ము చూపించి, "పైన గ్యాస్ కట్టర్‌తో రెండు నిమిషాల్ల కోసిస్తం" అన్నారు. వద్దని చెప్పి వెంటనే బయటికి వచ్చేశాను. డ్రమ్ము అడుగున అచ్చు గుద్దినట్టు 1ఏ1 అని ఉంటే పై మూత ఊడనిది, రెండు బిరడాలు మాత్రమే ఉండేది. 1ఏ2 అని ఉంటే పై మూత మొత్తం ఊడేది, రింగుతో బిగించేది. మనకి కావలసింది రెండోది. మొదటి రకం కోయడం అంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. నిండు డ్రమ్ము కంటే ఖాళీ డ్రమ్మే ఎక్కువ ప్రమాదం. లోపల చుక్క ద్రవం లేకపోయినా మడతల్లో మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటుంది, కట్టర్ మంటో గ్రైండర్ నిప్పురవ్వో తగిలితే పేలుతుంది. దయచేసి ఎవరు ఎంత ధైర్యం చెప్పినా ఆ పని చేయించకండి.

మా స్నేహితుడొకడు అన్నాడు, "ఎట్లాగూ కాలుస్తావు కదరా, మంటలో అన్నీ పోతాయి" అని. చాలామంది అనుకునేది ఇదే. మంట పోగొట్టేది మనకి తెలిసినవాటిని: లోపలి పూత, బయటి రంగు, నూనె జిడ్డు. తెలియని రసాయనం అతుకుల్లో ఎంత మిగిలిందో, కాలితే అది ఏమవుతుందో, ఆ పొగ పక్కన నిలబడ్డ నాకేమవుతుందో చెప్పేవాళ్లు లేరు. అందులో వండింది ఎనిమిదేళ్ల మా పాప తింటుంది. డ్రమ్ములో అంతకుముందు ఏముందో తెలియకపోతే అది ఫ్రీగా ఇచ్చినా నాకొద్దని ఆ రోజే తేల్చుకున్నాను.

మరి తిండి సరుకు వచ్చే డ్రమ్ములు ఎక్కడ? వంట నూనె మన దగ్గర 15 కిలోల డబ్బాల్లో వస్తుంది, పెద్ద ఎత్తున అయితే ట్యాంకర్లలో వస్తుంది. ఇంజన్ ఆయిల్ డ్రమ్ములు గ్యారేజీల్లో దొరుకుతాయి. వాటిని కాల్చి వాడుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఆయిల్‌లో కలిపే రసాయనాల గురించి చదివాక నాకు మనసొప్పలేదు. ఇలా నవంబర్ మొత్తం గడిచిపోయింది. కాస్త నిరుత్సాహం కూడా వచ్చింది.

డిసెంబర్ మొదట్లో మా బావమరిది దారి చూపించాడు. అతనికి తెలిసినాయన కాటేదాన్‌లో గోడౌన్ నడుపుతాడు, జ్యూస్, ఐస్‌క్రీమ్ తయారుచేసేవాళ్లకి మామిడి గుజ్జు సరఫరా చేస్తాడు. చిత్తూరు వైపు నుంచి వచ్చే తోతాపురి గుజ్జు ఇనుప డ్రమ్ముల్లోనే వస్తుంది. పైగా గుజ్జు నేరుగా డ్రమ్ములో పోయరు, సీలు వేసిన పెద్ద సంచిలో నింపి ఆ సంచిని డ్రమ్ములో దింపుతారు. అంటే డ్రమ్ము కేవలం సంచికి కవచం. పై మూత మొత్తం ఊడి వచ్చే రకం. ఇంతకంటే ఏం కావాలి!

ఫోన్ చేస్తే ఆయన చాలా మర్యాదగా మాట్లాడారు. "ఖాళీలన్నీ ఒక పార్టీ టోకున తీసుకుపోతాడండీ. ఈసారి ఖాళీ అయినప్పుడు మీకొకటి పక్కన పెడతాను" అన్నారు. రెండు వారాలకు పైనే ఎదురుచూశాను. మధ్యలో ఫోన్ చేసి విసిగించకూడదని ఆగడం కష్టమైంది. డిసెంబర్ 20న ఆయనే ఫోన్ చేశారు.

వెళ్లి చూస్తే రెండు రకాలున్నాయి. అడుగు సన్నగా, పైన వెడల్పుగా ఉండి ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయేవి కొన్ని, పైనుంచి కిందిదాకా ఒకే కొలత ఉన్నవి కొన్ని. మొదటివి వంద రూపాయలు తక్కువే, కానీ ఒకదాంట్లో ఒకటి దూరి లోపలంతా గీతలు పడ్డాయి, పైగా జాలీ పెట్టే ఎత్తును బట్టి కొలత మారిపోతుంది. నిటారుగా ఉన్నదే తీసుకున్నాను, 1,200 రూపాయలు. అక్కడే ఒక మూల బూడిద రంగులో మెరుస్తున్న జీఐ డ్రమ్ము కూడా ఉంది. తుప్పు పట్టదు కదా అని కొందరు దానికే మొగ్గు చూపుతారు. జీఐ అంటే జింకు పూత. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర మరుగుతుంది. కట్టెల మంటలో అది తెల్లటి పొగ అవుతుంది, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది. కాల్చాల్సిన డ్రమ్ముకి జింకు పూత ఉండకూడదు.

నా డ్రమ్ము మూత తీయగానే ముందు పులిసిన మామిడి వాసన కొట్టింది. వెండి రంగు సంచి ముక్క ఒకటి అడుగున అతుక్కుని ఉంది. ఖాళీ చేసేటప్పుడు ఒలికిన గుజ్జు అతుకు వెంట జారి, ఎండి, నారింజ రంగు చారగా మిగిలింది. దాని పొడుగునా ఎర్ర చీమలు. బయట లేబుల్ చెక్కుచెదరలేదు: తోతాపురి గుజ్జు, నికర బరువు 215 కిలోలు, లాట్ నంబర్, తయారైన తేదీ. వారాల తరబడి ఎవరూ చెప్పలేని సమాధానం ఆ కాగితం మీద ఉంది. ఫోటో తీసి పెట్టుకున్నాను. చీమల్ని చూసి మా ఆవిడ ముఖం చిట్లించింది, నాకు మాత్రం వాటిని చూస్తే ధైర్యంగా అనిపించింది.

మల్కాజిగిరి దాకా ట్రాలీ ఆటోకి 700 అడిగాడు, ఇచ్చేశాను. డ్రమ్ము బరువు పద్దెనిమిది కిలోల దాకా ఉంటుంది, ఒక్కడే మోయొచ్చు కానీ పట్టు దొరకదు. ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

ఇంట్లో మొదటి పని మూతలోని రబ్బరు గ్యాస్కెట్ పీకేయడం. స్క్రూడ్రైవర్‌తో ఒక కొస లేపితే సగం దాకా సులువుగా వచ్చింది, మిగతాది ముక్కలు ముక్కలుగా ఊడింది. కింద జిగురు ఎండి గట్టిగా ఉంది. అది ఒక్క ముక్క మిగిలినా మంటలో రబ్బరు కంపు కొడుతుంది కాబట్టి సాయంత్రమంతా కూర్చుని గీకాను. తర్వాత వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడిగాను. అప్పుడు లోపలి పూత స్పష్టంగా కనిపించింది, తేనె రంగులో నున్నగా. గోరుతో గీకినా, తాళంచెవితో గీకినా కదలదు. గుజ్జులోని పులుపు ఇనుముకి తగలకుండా వేసే గట్టి పూత అది. దాన్ని గీకి తీయగలమనుకోవడం వృథా. అది మంటకే లొంగుతుంది.

గాలి రంధ్రాలు కాల్చకముందే వేసుకోవాలి, ఎందుకంటే కింద గాలి ఆడకపోతే డ్రమ్ములో కట్టెలు మండవు, పొగ చిమ్ముతాయి అంతే. సామాను కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. ముప్పావు అంగుళం నిపుల్స్ (మరలున్న చిన్న పైపు ముక్కలు) మూడు, వాటిని బిగించే బ్యాక్‌నట్లు, రెండింటికి మూతలు, ఒకదానికి ఇత్తడి బాల్ వాల్వ్. జీఐవి కాకుండా నల్లవి అడిగి తీసుకున్నాను. అన్నీ కలిపి 750. ముప్పావు అంగుళం నిపుల్ అంటే రంధ్రం ముప్పావు అంగుళం వేస్తే సరిపోదు. ఆ కొలత పైపు లోపలిది. బయటి వ్యాసం సుమారు 27 మిల్లీమీటర్లు. దుకాణంలో కూర్చున్న పెద్దాయన తనంతట తనే ఈ సంగతి చెప్పి, నిపుల్‌ని నా అరచేతిలో పెట్టి కొలిచి చూపించారు. ఆయన చెప్పిన ప్రకారమే మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ బిట్‌తో వేశాను. డ్రమ్ము రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ, మామూలు బిట్ చివర్లో పట్టేసి రేకుని చింపేస్తుంది. రంధ్రాలు అడుగు నుంచి రెండంగుళాల పైన, చుట్టూ సమాన దూరంలో. మూత మీద అర అంగుళం రంధ్రాలు ఎనిమిది. అప్పుడప్పుడూ రెండు చుక్కల వంటనూనె వేస్తూ నెమ్మదిగా తిప్పితే బిట్ వేడెక్కదు.

సంక్రాంతి వచ్చింది, అందరం ఊరెళ్లాం, పని ఆగింది.

కాల్చడానికి చోటు దొరకడం ఇంకో చిక్కు. నగరంలో బయట చెత్త కాల్చడమే నిషేధం, ఇక రంగు పూసిన డ్రమ్ము కాలిస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. కీసర దగ్గర మా స్నేహితుడి నాన్నగారికి కొంత పొలం ఉంది. జనవరి 25, ఆదివారం, తెల్లారి సోమవారం ఎలాగూ సెలవు. అడితిలో ఎండిన తుమ్మ కట్టెలు వంద కిలోలు తీసుకున్నాం, వెయ్యి రూపాయలు. ఆకులూ పుల్లలతో ఈ పని కాదు. పూత పోవాలంటే గంటల కొద్దీ ఆగకుండా గట్టి మంట కావాలి.

గడ్డి లేని చోట నేల చదును చేసి, ఇటుకల మీద డ్రమ్ము నిలబెట్టాం, పక్కన రెండు బిందెల నీళ్లు, ఒక ఇసుక కుప్ప. పొద్దున పదింటికి అంటించాం. మొదటి ముప్పావుగంట నల్లటి పొగ. బయటి రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఊడిపోయింది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచి అమలులో ఉంది, కానీ అది ఇంటి రంగులకే. ఫ్యాక్టరీ సరుకుకి వేసే రంగులకి అది వర్తించదు. కాబట్టి డ్రమ్ము రంగులో ఏముందో నమ్మకం లేదు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పొగ మా మీదికి రాకుండా మేమిద్దరం నిలబడ్డాం. స్నేహితుడి నాన్నగారిని ఆవులతో సహా పొలం ఆ చివరికి పంపేశాం. ఆయన నవ్వుకుంటూ వెళ్లారు కానీ వెళ్లారు.

గంటన్నర దాటాక పొగ తెల్లబడి, పలచబడి, చివరికి వేడి గాలి అలలు మాత్రమే మిగిలాయి. అప్పుడు పొడుగు కర్ర చివర ఇనుప కడ్డీ కట్టి లోపలి గోడను గీకి చూశాను. తేనె రంగు పూత ముందు గోధుమ రంగుకి, తర్వాత నలుపుకి తిరిగింది. కడ్డీ తగలగానే పొరలు పొరలుగా రాలిపోతోంది, కింద బూడిద రంగు ఇనుము. తాళంచెవికి లొంగని పూత అలా రాలుతుంటే కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను.

ఒంటిగంట ప్రాంతంలో మంట తగ్గించి చూస్తే పైభాగం అంతా శుభ్రం. అడుగున నాలుగైదు అంగుళాల మేర మాత్రం పూత అలాగే ఉంది! నిప్పులన్నీ అక్కడే ఉన్నాయి కదా, అక్కడే ముందు కాలాలి కదా అనిపిస్తుంది. కారణం బూడిద. పేరుకున్న బూడిద గోడకి దుప్పటి కప్పినట్టు అడ్డుపడి, వేడిని అక్కడిదాకా పోనివ్వదు. ఇది తెలియకపోతే పైన చూసి అయిపోయిందనుకుని ఇంటికి వచ్చేస్తారు. మిగిలిన పూత తర్వాత బొగ్గుల బుట్ట పక్కనే ఉండి ప్రతి వంటలోనూ కొంచెం కొంచెం కాలుతూ మాంసంలోకి చేరుతుంది. బూడిద తోడేసి, డ్రమ్ము కాస్త చల్లారాక తలకిందులు చేసి, మూడు రాళ్ల మీద బోర్లించి, కిందనుంచీ చుట్టూ కట్టెలు పేర్చి మళ్లీ అంటించాం. మూతనీ, రింగునీ ఆ కట్టెల మీదే వేశాం. సాయంత్రం పొద్దు గూకే వేళకి అడుగు రేకు మసక ఎరుపులోకి వచ్చింది. ఇనుము చీకట్లో అలా ఎర్రబారి కనిపించిందంటే 500 డిగ్రీలు దాటినట్టే. ఆ వేడికి ఏ పూతా నిలవదు. అప్పటికి నాకు మనసు కుదుటపడింది.

నీళ్లు చల్లి ఆర్పవద్దు. రేకు పలచనిది, ఒక్కసారిగా చల్లారితే అడుగు వంకర పోతుంది. రాత్రంతా వదిలేసి సోమవారం పొద్దున వెళ్లాం. మంచుకి అప్పుడే సన్నటి తుప్పు పట్టింది, నారింజ రంగు పొడి వేలికి అంటింది. అది మామూలే, పూత పోయి ఇనుము బయటపడిందనడానికి అదే గుర్తు. రంగు పొట్టు, బూడిద సంచుల్లోకి ఎత్తాం, పొలంలో ఒక్క చెంచా కూడా వదల్లేదు. కట్టెల బూడిద ఎరువు అంటారు కానీ ఈ బూడిద వేరు.

మూత పెట్టి చూస్తే రింగు పట్టడం లేదు. వేడికి డ్రమ్ము మూతి గుండ్రం పోయి ఒకపక్క లోపలికి వచ్చింది. మా వీధి వెల్డర్ అన్న చూసి, "గింతేనా" అని చెక్క సుత్తి తీసుకుని, లోపల ఒక దుంగ ఆనించి, చుట్టూ తిప్పుతూ పావుగంటలో సరిచేశాడు. ఇనుప సుత్తితో కొడితే సొట్టలు పడతాయని చెప్పాడు.

తర్వాతి వారమంతా రుద్దుడు. గ్రైండర్‌కి బిగించే వైర్ కప్ బ్రష్, ఫ్లాప్ డిస్కులు, కళ్లద్దాలు, గ్లౌజులు, మాస్కులు కలిపి 900 అయ్యాయి. కళ్లద్దాల దగ్గర పొదుపు వద్దు. బ్రష్ తీగలు తెగి సూదుల్లా ఎగురుతాయి, రెండు నా చొక్కాకి గుచ్చుకున్నాయి. అసలు శ్రమంతా మూడు చోట్ల: అడుగు మడత, నిలువు అతుకు, నడుమున ఉబ్బుగా ఉండే రెండు కట్ల లోపలి గాడి. అక్కడికి గ్రైండర్ పోదు, చేతి బ్రష్షే గతి. అయిపోయిందనిపించినప్పుడల్లా తెల్ల గుడ్డని వెనిగర్‌లో ముంచి తుడిచేవాణ్ని. నల్లటి మసి వస్తే పర్వాలేదు, తుప్పు వస్తే పర్వాలేదు. గోధుమరంగు జిడ్డు వస్తే మాత్రం పూత ఇంకా ఉన్నట్టు. చివరికి ఆ మూడు చోట్లా గుడ్డ శుభ్రంగా వచ్చింది. సబ్బుతో కడిగి, ఎండలో ఆరబెట్టి, వేడి తగ్గకముందే పల్లీనూనె పలచగా పట్టించాను. ఒక్క రాత్రి అలా వదిలేసినా తుప్పు మళ్లీ మొదలవుతుంది.

జాలీ, బొగ్గుల బుట్ట వెల్డర్ అన్నే చేశాడు, సామానూ మజూరీ కలిపి 2,800. జాలీకి స్టీలు కమ్మీలు కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూపించి "అతకలేదు కదా, 304" అంటారు. 304 అంటే తుప్పు అంత త్వరగా పట్టని స్టీలు రకం. కానీ 202 రకం కూడా అతకదు, అది చౌక, తుప్పు త్వరగా పడుతుంది. బిల్లు మీద 304 అని రాయించుకుని తీసుకున్నాను. డయల్ థర్మామీటర్ 650. దాన్ని జాలీ ఎత్తులోనే బిగించుకోవాలి, మూత మీద బిగిస్తే మాంసం దగ్గర వేడి తెలియదు. బయటికి వేడికి తట్టుకునే అల్యూమినియం రంగు 550. లోపల ఏ రంగూ వేయకూడదు, వేడికి తట్టుకునేదైనా సరే.

ఖర్చు మొత్తం 8,550 తేలింది. నాలుగు వేలల్లో అయిపోతుందనుకున్నాం ఇంట్లో. గ్రైండర్, డ్రిల్ మెషిన్ స్నేహితుడివి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకా పెరిగేది.

ఫిబ్రవరి మొదటి ఆదివారం మాంసం లేకుండా ఉత్త బొగ్గులతో వెలిగించాను. సర్కారు తుమ్మ బొగ్గు సగం బుట్ట, పైన రెండు జామ చెక్కలు. రంగు వాసన మొదటి గంటలో పోయింది. లోపల నూనె కాలి గోడలకి నల్లగా, నున్నగా పట్టుకుంది. నూనె ఎక్కువ ఉన్నచోట మాత్రం జిగటగా మిగిలింది, అక్కడ గుడ్డతో తుడిచి మళ్లీ వేడి ఎక్కించాల్సి వచ్చింది. ఆ నాలుగు గంటల్లో వాల్వ్ ఎంత తిప్పితే ఎంత వేడి వస్తుందో తెలిసింది. రెండు రంధ్రాలు మూసి, వాల్వ్ సగం తెరిస్తే 120 డిగ్రీల దగ్గర నిలకడగా ఆగింది. మూత తీసిన ప్రతిసారీ గాలి తగిలి నిప్పులు రాజుకుంటాయి, వేడి దిగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఊరికే తీసి చూడకూడదు.

మరుసటి ఆదివారం రెండు కిలోల పొట్టేలు తొడ, కొన్ని చికెన్ లెగ్ పీసులు. ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, అంతే. చికెన్ లోపలి వేడి 74 డిగ్రీలు దాటాక తీశాను, రెండు గంటల లోపే అయింది. తొడకి అయిదు గంటలు పైన పట్టింది. డాబా మీద తెల్లటి చిక్కటి పొగ ఉన్నంతసేపూ మాంసం పెట్టలేదు, అది పలచబడి నీలంగా మారాకే పెట్టాను. చిక్కటి పొగలో పెడితే చేదు వస్తుంది. మా అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, "తునకల వాసనే రా" అంది. పాప రెండో లెగ్ పీస్ అడిగింది. డ్రమ్ములో ఏముండేదో తెలుసు కాబట్టి ఏ టెన్షనూ లేకుండా వడ్డించాను.

వాడిన ప్రతిసారీ చల్లారాక బూడిద తీసేస్తున్నాను. బూడిద తేమ పీల్చుకుని అడుగు రేకుని తినేస్తుంది. వానాకాలంలో మూత మీద రంధ్రాలకి రేకు డబ్బా బోర్లించి, డాబా మీద షెడ్డు కిందికి జరపాలి. కీసర స్నేహితుడు తనకీ ఒకటి కావాలంటున్నాడు. కాటేదాన్ గోడౌన్ ఆయనకి చెప్పి పెట్టాను. మే నెలలో కొత్త గుజ్జు మొదలయ్యేలోపు పాత స్టాక్ ఖాళీ చేస్తారట, అప్పుడు లేబుల్ ఉన్న నిటారు డ్రమ్ము ఒకటి తీసిపెడతానన్నారు.